రాకాసి దిబ్బలో కొడవలి

మీ మిరప చేలో మీరు తోలించుకున్న పాటిమన్నులో ఎవరి ఎముకలున్నాయో ఎప్పుడైనా చూసుకున్నారా?

కోపం తెచ్చుకోకండి. ఈ ప్రశ్న ముందు నన్ను నేను వేసుకున్నాకే మిమ్మల్ని అడుగుతున్నాను. పాతకాలపు దిబ్బల్ని తవ్వి, బూడిదా మట్టీ కలిసిన ఆ మన్నును ఎండాకాలంలో బళ్ళకెత్తి చేలకు తోలడం మన గుంటూరు వైపు రైతుకు తాతల నాటి అలవాటు. దాన్ని పాటిమన్ను అంటాం, పైరుకు బలమంటాం. ఆ దిబ్బ ఎవరిదని అడిగే అలవాటు మాత్రం మనకు లేదు. దయ్యాలదని భయపడే రోజుల్లో అడగలేదు. భయం పోయాక కూడా అడగలేదు.

నేను చెప్పబోయేది మా పెదనాన్న చేలో ఉన్న ఒక దిబ్బ గురించి. అందులో సగం ఇప్పుడు లేదు. ఆ సగం పోవడానికి కారణం నేను. మిగతా సగం మిగలడానికి కారణం మాత్రం నేను కాదు.

మా ఊరు నరసరావుపేటకు తూర్పున, నల్లరేగడి నేలలో ఉంటుంది. కంటికి అడ్డం తగిలేది ఏదీ ఉండదక్కడ. పత్తి, మిరప, జొన్న, వాటి మధ్య బండ్లబాట, పైన ఆకాశం. పిడికెడంత రాయి దొరకని నేల అది. పిట్టలను తోలడానికి కూడా మట్టిబెడ్డలే విసిరేవాళ్ళం. అటువంటి చోట పెదనాన్న చేలో రెండు నిలువుల ఎత్తున ఒక దిబ్బ. దాని చుట్టూ సగం భూమిలోకి కుంగిన పెద్ద పెద్ద గుండ్లు, ఎవరో కొలిచి పేర్చినట్టు వలయంగా. ఒక్కొక్కటి పడుకున్న గేదె అంత. రాయి లేని నేల మీదికి ఆ గుండ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మా చిన్నతనంలో దానికి ఒకే జవాబు ఉండేది. రాకాసులు తెచ్చి పడేశారు. అందుకే అది రాకాసి దిబ్బ.

మిరపకాయలు కోసే ఆడవాళ్ళు ఆ దిబ్బకు పది సాళ్ళ ఇవతలే ఆగిపోయేవాళ్ళు. కాయలు అక్కడే పండి, ఎండి, రాలేవి. దారిన పోయేవాళ్ళు ఒక మట్టిబెడ్డ తీసి దిబ్బ వైపు విసిరి, వెనక్కి తిరక్కుండా నడిచేవాళ్ళు. అన్నిటికన్నా మిట్టమధ్యాహ్నం ప్రమాదమట. రాకాసులు భోజనానికి లేచే వేళట అది.

పెదనాన్న నమ్మేవాడో నమ్మేవాడు కాదో ఎవరికీ తెలియదు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయనకు ఒక వింత అలవాటు ఉండేది. మిరప చేలో కలుపు తీసేటప్పుడు తనకు తెలియని మొక్క కనబడితే పీకనిచ్చేవాడు కాదు. దాని పక్కన పుల్ల గుచ్చి, "ఉండనీండి, కాయ కాసినాక చూద్దాం" అనేవాడు. కాయ కాశాక పనికిరానిదని తేలితే పీకేవాడు. ఆ పుల్లల్ని చూసి ఊరంతా నవ్వేది. "మావా, నీ చేలో మిరప కన్నా పుల్లలే ఎక్కువ పండినై" అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

ఆయన దగ్గర మరో వింత వస్తువు కూడా ఉండేది. దొడ్లో జొన్నలు పోసుకునే పాతర ఉండేది. భూమిలో బావిలా తవ్విన గొయ్యి. దాని నోటి మీద ఒక పెద్ద నాపరాయి పలక పరిచి ఉండేది. మధ్యలో మనిషి తల పట్టేంత గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రంలోంచి గంపతో జొన్నలు పోసి, పైన మూత పెట్టి మెత్తేవాళ్ళు. "మా తాత తెచ్చిన పలక. ఇట్టాంటిది ఈ ఫిర్కాలోనే లేదు" అని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు పెదనాన్న. ఎక్కణ్ణుంచి తెచ్చాడని అడిగితే, "ఆయన ఎవరికీ చెప్పలా" అనేవాడు.

యాభైల చివర్లో నేను గుంటూరులో చదువు ముగించుకుని మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మేష్టరుగా చేరాను. తల నిండా వాదన. గ్రంథాలయం అరుగు మీద వారం వారం చర్చలు పెట్టేవాళ్ళం. దేవుడు, కులం, ముహూర్తాలు, దయ్యాలు, ఏదీ వదిలేవాళ్ళం కాదు. అవతలి పక్షాన కరణంగారు కూర్చునేవారు. మంచి మాటకారి. నా గొంతు ఎంత పెరిగితే ఆయన గొంతు అంత తగ్గేది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఆ ఏడాది పత్తి తీతకు వచ్చిన ఒక కూలిమనిషికి జ్వరం తగిలింది. దిబ్బ నీడ తొక్కిందన్నారు. మూడు రోజులు దిష్టి తీశారు, కోడిని కోశారు, దిబ్బ దగ్గర అన్నం ముద్దలు పెట్టారు. నాలుగో రోజు బండి మీద నరసరావుపేట ఆసుపత్రికి బయల్దేరదీశారు. దారిలోనే పోయింది. ఇద్దరు పిల్లల తల్లి. ఆమె శవాన్ని మోసుకుని వెనక్కి వచ్చిన బండి చక్రాల చప్పుడు నాకు ఈనాటికీ గుర్తుంది. ఆమెను చంపింది రాకాసి కాదు, ఆ మూడు రోజులు. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఇక ముందు చెప్పబోయేది చదివి, ఈయన నమ్మకాల మీద కోపం తగ్గించుకున్నాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు పడ్డట్టే.

తరవాతి చర్చలో కరణంగారు అడిగారు. "అబ్బాయ్, పొద్దస్తమానం లేదు లేదు అంటావు. లేదని నీకెట్టా తెలుసు?"

"కూర్చుని చూపిస్తాను" అన్నాను.

వరసగా ఏడు అమావాస్యలు, మిట్టమధ్యాహ్నం, ఆ దిబ్బ ఎక్కి కూర్చుని అన్నం తిన్నాను. మొదటిసారి బాట మీద ముప్పై మంది నిలబడి చూశారు. ఎవరో కేకేశారు. "ఒరేయ్ మేష్టరూ, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు తీసుకెళ్ళావా, రాకాసి పోస్తదనుకున్నావా?" నాలుగో అమావాస్యకు చూసేవాళ్ళు తమ అన్నాలు కూడా తెచ్చుకుని గట్టు మీద కూర్చున్నారు. ఏడోసారి నేను వెళ్ళేసరికి కాయలు కోసే ఆడవాళ్ళ అన్నం క్యారేజీలు ఆ గుండ్ల నీడన వరసగా ఉన్నాయి. ఒకామె గుండుకు ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. నేను గెలిచాను. ఆ రోజు నాకు కలిగిన ఆనందం అంతకుముందు ఏ చర్చలోనూ కలగలేదు.

వైశాఖం వచ్చింది. ఒక రోజు పొద్దున చేలో నాలుగు బళ్ళు కనబడ్డాయి. పెదనాన్నది ఒకటి, ఇరుగుపొరుగు రైతులవి మూడు. తూర్పు వైపు నుంచి దిబ్బను తవ్వి మన్ను ఎత్తుతున్నారు.

"ఇదేంటి పెదనాన్నా?" అన్నాను.

"రాకాసి లేదని నువ్వే చెప్పావు గదరా. లేనిదానికి అరెకరం ఎందుకు వదిలెయ్యాలా? మన్ను నల్లగా బూడిదలాగా ఉంది. మిరపకి పడితే విరగకాస్తది."

నిజం చెప్పాలంటే జవాబు కోసం వెతకలేదు. ఇది నా గెలుపుకు ఫలం అనుకున్నాను. నా చేతులతో నేనే పార అందుకుని మొదటి బండి నింపాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పన్నెండు రోజులు తోలారు. సగం దిబ్బ చేలలో కలిసిపోయింది. పదమూడో రోజు ఒక రైతు గడ్డపార ఖంగుమంది.

మట్టి తోసి చూస్తే నాపరాయి పలక. మంచం కన్నా పెద్దది, జానెడు మందం. మా ఊరికి దగ్గరలో నాపరాయి అంటే దాచేపల్లి వైపు గనులే. ఎడ్లబండి మీద వెళ్ళి రావడానికే రోజులు పట్టే దూరం. ఎనిమిది మందిమి మోకులు వేసి, గడ్డపారలు పెట్టి, ఆ పలకను అతి కష్టం మీద జరిపాం. లోపల పెట్టెలాగా మూడు వైపులా మూడు పలకలు నిలబెట్టి ఉన్నాయి. తూర్పు వైపు మాత్రం పలక లేదు, ఒట్టి మట్టి. పెట్టె నిండా జల్లించిన పిండిలాంటి సన్న మట్టి.

పారలు పక్కన పెట్టమన్నాను. ఎందుకన్నానో తెలియదు. లోపలికి దిగి చేతులతో తోడడం మొదలుపెట్టాను.

ముందుగా కుండలు వచ్చాయి. వరసగా, ఒకదాన్నొకటి ఆనుకుని. పైన ఎరుపు, లోపల నలుపు, అద్దంలాంటి నునుపు. నేను తుడుస్తుంటే నా వేళ్ళ నీడ వాటి మీద కనబడింది. వాటి కింద ఎముకలు. పడుకోబెట్టిన మనిషి ఎముకలు కావవి. పుర్రెలు మూడు ఒక మూల, పొడుగాటి ఎముకలన్నీ ఇంకో మూల, ఇంట్లో ఇల్లాలు సామాను సర్దినట్టు సర్ది ఉన్నాయి. ఎర్ర పూసలు కొన్ని, రక్తపు బొట్ల రంగువి. ఒక కొడవలి. తుప్పు తిని లావెక్కింది గాని వంపు చెదరలేదు. మా పాలేళ్ళ నడుముకు వేలాడే కొడవలి వంపే అది.

పైన నిలబడ్డవాళ్ళు ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడూ నోరు మూతపడని మనుషులు వాళ్ళు. ఎద్దులు గంటలు కదిలిస్తుంటే ఆ చప్పుడు ఒక్కటే వినబడింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. నాకు అంతవరకూ తెలిసిన కాలమంతా మా తాత దగ్గర ఆగిపోయేది. దాని వెనక పుస్తకాల్లో చదివిన రాజుల పేర్లు. ఇక్కడ రాజుల కన్నా వెనక, పేర్ల కన్నా వెనక, ఎవరో పోయినవాళ్ళ ఎముకలను ఇంత జాగ్రత్తగా సర్ది, రాయి లేని నేల మీదికి అంత రాయిని లాక్కొచ్చి, మూసి, మట్టి కప్పి వెళ్ళారు. వాళ్ళు ఏ భాషలో ఏడ్చారు? ఏడు అమావాస్యలు నేను కూర్చుని గోంగూర తిన్నది వీళ్ళ నెత్తి మీద.

ఆ మౌనంలో మౌనంగా ఉండాల్సింది. ఉండలేకపోయాను. "బుద్ధుడిది! ఇది బౌద్ధుల స్తూపం!" అని అరిచాను.

ఎందుకంత ఖాయంగా అరిచానో చెప్పాలి. నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరుగుతున్న రోజులవి. నా వంటి కుర్రాళ్ళకు ప్రతి దిబ్బలోనూ బుద్ధుడే కనబడేవాడు. కులం లేదన్నవాడు, యజ్ఞాలు వద్దన్నవాడు మా మట్టిలోనే పడుకుని ఉన్నాడంటే అంతకన్నా మాకేం కావాలి? అది మాకు కావలసిన జవాబు. కావలసిన జవాబును నిజమని నమ్మేవాణ్ణి మూఢుడంటారు. ఆ మాట ఇతరులను లక్షసార్లు అన్నాను.

"ఇక తవ్వడానికి వీల్లేదు" అన్నాను.

ముగ్గురు రైతులూ గొడవ చేశారు. పెదనాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "బుద్ధుడిదైతే ఆపుతాలేరా. పెద్దమనిషి. కానీ ఊరికే ఆపితే వీళ్ళు ఒప్పుకోరు. తలా ఇన్ని బళ్ళని మాటిచ్చా. ఆదివారం చావడి దగ్గర ఊరందరి ముందూ రుజువు చెప్పు. చెప్పలేకపోయావా, సోమవారం పొద్దున్నే బళ్ళు కడతాం."

రుజువు కోసం నేను వెళ్ళింది కుమ్మరి అవ్వ దగ్గరికి. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. భర్త సారె తిప్పితే, మట్టి తొక్కి, చెక్కతో కొట్టి, గులకరాయితో నునుపు తీసేది ఆమె. వాళ్ళలో ఆడవాళ్ళు సారె ముట్టుకోరు. రాతిపెట్టెలో దొరికిన చిన్న గిన్నె నా చేతిలో ఉంది. అది భిక్షువు భిక్షాపాత్ర అని నేను అప్పటికే తీర్మానించేశాను. పాతకాలపు పనితనమని ఆమె చేత ఒక మాట అనిపిస్తే చాలు.

ఆమె గిన్నెను అటూ ఇటూ తిప్పింది. గోటితో కొట్టి విన్నది. అడుగును ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"పొయ్యెక్కలా ఇది" అంది. "మసి లేదు. కొత్తది చేసి కొత్తదే పెట్టారు. ఆవంలో బోర్లించి కాల్చారు బాబూ, అందుకే లోపల నలుపు. ఎంత పల్చగా లాగారో చూడు! మా ఆయనకి చూపించమాక, అన్నం మానేస్తాడు."

"సారె మీద చేశారా అవ్వా?"

"లేదు. చేత్తోనే లేపారు. గులకరాయి పెట్టి రుద్దారు, ఇదిగో గీతలు." ఆమె వేలు అంచు వెంట మెల్లగా పాకి ఒకచోట ఆగింది. అక్కడ బొటనవేలి ముద్ర ఉంది. పచ్చి మట్టి మీద పడింది, కాల్చాక నిలిచిపోయింది. అవ్వ తన బొటనవేలు తీసి అందులో పెట్టింది. సరిగ్గా పట్టింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఆడమనిషే" అంది.

నా వాదన నాకు గుర్తొచ్చి, "భిక్షాపాత్రే కదా అవ్వా? బౌద్ధ సన్యాసులు చేత పట్టుకు తిరిగేది" అన్నాను.

"ఇందులో పిడికెడు బువ్వ పట్టదు గదయ్యా. అడుక్కునేవాడు ఇంత చిన్న గిన్నె పట్టుకుంటాడా? ఇది బిడ్డకి ఉగ్గు పోసేది." తరవాత, "ఇంకా ఏమున్నై అందులో? నన్ను తీసకపో" అంది.

ఆమె వెంట నడిచాను. ఆమె గుండ్ల పక్కన చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని పెట్టె అంచున కూర్చుంది. కుండలను ఒక్కొక్కటే చూసింది. ఎముకలను చూసింది. కొడవలి దగ్గర ఆగింది.

"బాబూ" అంది, "సన్నాసులకి కొడవలెందుకు?"

నేను ఎదుర్కొన్న ప్రశ్నలన్నిటిలోనూ అంత సూటి ప్రశ్న ఇంకోటి లేదు. అమరావతిలో స్తూపం ఆనవాళ్ళు నేను కళ్ళారా చూశాను. పెద్ద పెద్ద ఇటుకలు. ఇక్కడ ఒక్క ఇటుక లేదు. ఆ సంగతి మొదటి రోజే నా కంటికి తగిలింది. చూడనట్టు నటించాను. ఇవి సన్యాసుల ఎముకలు కావు. పంట కోసినవాళ్ళవి, ఉగ్గు పోసినవాళ్ళవి, పూసలు కట్టుకున్నవాళ్ళవి.

"మరెవరంటావు అవ్వా?"

"ఎవరో నాకేం తెలుసు. పని తెలుస్తోంది. మంచి పనోళ్ళు." లేస్తూ నా మొహం చూసి, "నువ్వేం బాధపడమాక. నువ్వు బుద్ధుడిదంటే ఊరు బుద్ధుడిదే అంటది. నేను పెదవి కదపను" అంది.

ఆదివారం దాకా మూడు రోజులు. ఆ మూడు రోజులు నా లోపల జరిగినదాన్ని నేను వేదాంతం చెయ్యను. విషయం చాలా చిన్నది. బుద్ధుడిదంటే దిబ్బ బతుకుతుంది. నిజం చెబితే సోమవారం చేలలో కలిసిపోతుంది. ఒక్క అబద్ధం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం లేని అబద్ధం అంటూ దేన్ని సమర్థించుకుంటారని ఎన్నిసార్లు నేను కరణంగారిని నిలదీశాను!

ఆదివారం చావడి నిండిపోయింది. కరణంగారు కుర్చీలో, పెదనాన్న మెట్టు మీద, ఆడవాళ్ళు గోడ వారన. అవ్వ అందరి వెనక నిలబడింది. నా చేతిలో నాలుగు పేజీల ఉపన్యాసం. మొదటి వాక్యమే "ఇది నిస్సందేహంగా" అని మొదలవుతుంది. ఆ నిస్సందేహంగా అన్న మాటను చూశాను. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"అది ఎవరిదో నాకు తెలియదు" అన్నాను.

"ఏమన్నావు? కాస్త గట్టిగా అను నాయనా" అన్నారు కరణంగారు.

"తెలియదండీ. బుద్ధుడిదని తొందరపడి అన్నాను. తప్పు. ఆ పెట్టెలో ఉన్నది సంసారులు."

చావడి గొల్లుమంది. కరణంగారు నవ్వలేదు. అది ఆయన గొప్పతనం. "అయితే పాండవులు అరణ్యవాసంలో కట్టుకున్నదని మా పెద్దలు చెప్పినమాట ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను. దానికీ సాక్ష్యం లేదు."

"పోనీ రాకాసులదే అందామా?"

"రాకాసులకు అంత చిన్న ఉగ్గుగిన్నె ఎందుకండీ?"

గోడ వారన ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. బళ్ళు కట్టిన రైతు ఒకడు లేచాడు. "ఇదేం తిరకాసురా అబ్బాయ్! అదీ కాదు, ఇదీ కాదు, తెలియదు. తెలియనిదానికి మన్ను ఆపడం దేనికి? రేపు ఎత్తుకుపోతాం."

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ రోజు నేను చేసిన ఉపన్యాసం నాలుగు వాక్యాలు. "తెలియదు కాబట్టే ఆపమంటున్నాను. తెలిసినదాన్ని పోగొట్టుకుంటే ఏం పోయిందో చెప్పుకుని ఏడవచ్చు. ఇది చేలో చల్లేస్తే ఏం పోయిందో కూడా మనకు తెలియదు. భయపడి దూరంగా ఉన్నన్నాళ్ళూ దాన్ని చూడలేదు, భయం పోయాక బండికెత్తాం, ఈ రెండిటి మధ్యా ఒక్కసారైనా ఆగి చూద్దామనిపించలేదా మనకి?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెదనాన్న లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం తొలికోడి కూసే వేళకే చేలోకి వెళ్ళి దిబ్బ ముందు నిలబడ్డాను. ఏం చేద్దామని వెళ్ళానో నాకే స్పష్టంగా లేదు. ముగ్గురు రైతుల బళ్ళు ఖాళీగా వచ్చి ఆగాయి. పెదనాన్న బండి కోసం ఎదురుచూస్తున్నారు. అది ఎంతసేపటికీ రాలేదు. చివరికి బాట మలుపులో కనబడింది. ఒంగోలు ఎద్దులు, మెడలు వంచి, అడుగు తీసి అడుగు వేస్తూ లాగుతున్నాయి. ఖాళీ బండి అంత బరువుగా నడవదు.

బండిలో పాతర పలక ఉంది.

"ఇదేంది మావా?" అన్నాడొక రైతు.

"మా తాత పట్టుకొచ్చింది. తిరిగి ఇస్తన్నా."

"ఎవరికి?"

"వాళ్ళకి."

"వాళ్ళెవరు?"

"తెలియదంటన్నాడుగా మావాడు. తెలిసేదాకా ఉండనీ." కాడి దింపుతూ ఆయన నా వైపు చూడకుండా అన్నాడు. "తెలియని మొక్కని నేనెప్పుడన్నా పీకానంట్రా? కాయ కాయనీ, చూద్దాం." తరవాత ఆ ముగ్గురితో, "మీకు తగ్గిన బళ్ళకి మా దొడ్లో పెంటకుప్ప ఎత్తుకోండి. ఈ మన్ను కన్నా అదే నయం" అన్నాడు.

చేను ఆయనది. వాళ్ళు గొణిగారు, కాసేపటికి తమ పాలేళ్ళతో కలిసి వాళ్ళే పలకకు భుజం పట్టారు. మోకులు కట్టి, దాన్ని పెట్టె తూర్పు వైపుకు దింపి, నిలబెట్టాం. కింద రాతిలో ఒక గాడి ఉంది. పలక అడుగు ఆ గాడిలోకి జారింది. కొద్దిగా గరగరమంది, కూర్చుంది. వెంట్రుక దూరే సందు లేదు. మూడు తరాలు ఊళ్ళో జొన్నల మీద పడుకుని, మళ్ళీ తన చోటు తను గుర్తుపట్టినట్టు కూర్చుంది. అప్పుడే పొద్దు పొడిచింది. సూర్యుడి వెలుగు ఆ గుండ్రటి రంధ్రంలోంచి లోపలికి వెళ్ళి, వెనక పలక మీద పళ్ళెమంత వెలుగు మచ్చగా నిలబడింది.

వాళ్ళు కావాలనే అలా పెట్టారా? నాకు తెలియదు. ఆ రోజు అక్కడ ఉన్న పదిమందిమీ ఆ మచ్చ జరిగి కిందికి దిగేదాకా కదలకుండా చూశామని మాత్రం తెలుసు. రాకాసి లేదు, బుద్ధుడు లేడు, పాండవులు లేరు. ఉన్నదే అంత గొప్పగా ఉంది. దానికి నా కల్పన ఎందుకు అవసరమైందా అని సిగ్గుపడ్డాను.

పెదనాన్న అవ్వకు కబురు పెట్టాడు. ఆమె వచ్చి కుండలన్నీ లోపల పెట్టింది. బొటనవేలి ముద్ర ఉన్న గిన్నెను నా బల్ల మీద ఉంచుకోవాలని నాకు ఆశగా ఉంది. గిన్నె పట్టుకున్న చెయ్యి జేబులోంచి తియ్యలేదు. ఆమె నా ముందు నిలబడి చెయ్యి చాపింది. ఇచ్చేశాను. పై పలక జరిపి, మట్టి కప్పాం.

ఆ ఏడు మన్ను తోలిన చేలలో మిరప ఏమీ విరగకాయలేదు. తోలని చేలతో సమానంగానే కాసింది. ఈ లెక్క కూడా మీకు పనికొస్తుందని చెబుతున్నాను.

పురావస్తు శాఖకు నేను రాసిన ఉత్తరాలకు కొన్నేళ్ళ తరవాత జీపులో ఒకాయన వచ్చాడు. గుండ్లు లెక్కపెట్టాడు, కొలిచాడు, రాసుకున్నాడు. ఎవరిదండీ అని అడిగితే, "చాలా పాతది. ఎవరో ఖచ్చితంగా ఇప్పుడే చెప్పలేమండీ" అన్నాడు. పెదనాన్న తొడ చరిచి, "మావాడూ అదే అన్నాడు!" అని కేకేశాడు. కరణంగారు కూడా నవ్వారు.

అరవైల్లో సాగర్ కాలవ పని మొదలయ్యాక మా చేల మీదుగా పిల్లకాలవకు గుర్తులు పాతారు. ఆ గుర్తుల ప్రకారమైతే అది సరిగ్గా దిబ్బ మీదుగా పోవాలి. పెదనాన్న మంచి మిరప నేల పది సాళ్ళు అదనంగా వదులుకుని కాలవను పక్కకు తిప్పించాడు. సూటిగా వచ్చే కాలవ అక్కడ విల్లులాగా వంగుతుంది. ఇప్పుడు వెళ్ళినా ఆ వంపు చూడవచ్చు. దాని పక్కన దిబ్బ మీద ఒక పుల్ల గుచ్చి ఉంటుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి మార్చేవాడు. ఇప్పుడు నేను మారుస్తున్నాను.

మీ ఊరి బయట కూడా ఒక దిబ్బ ఉంది. ఉందని మీకు తెలుసు. దాన్ని చూసి వణికేవాడితో ఒక్క రాకాసి కూడా లేదని చెప్పండి, జ్వరం వస్తే ఆసుపత్రికి పొమ్మనండి. అక్కడితో ఆగకండి, నేను ఆగి చెడగొట్టాను. ఈ వేసవిలో అక్కడికి బళ్ళు రాకముందే మీరు వెళ్ళండి. మీ ఊరి కుమ్మరిని వెంట తీసుకెళ్ళండి. బళ్ళు వచ్చేసి ఉంటే ఎద్దుల ముందు నిలబడి, ఇది ఎవరిదని గట్టిగా అడగండి. ఎవరికీ తెలియకపోతే, కాడి దింపించండి.